బాయిలో కంపెనీ గడియారం

డ్రింక్‌వాటర్ అన్న ఇంటిపేరుతో పుట్టినవాళ్లకు బడిలో మొదటిరోజే తెలిసిపోతుంది, జీవితాంతం నీళ్ల జోకులతో కాపురం తప్పదని. జోసీ డ్రింక్‌వాటర్‌కు ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. లోకంలో ఉన్న నీళ్ల జోకులన్నీ తన మీద ఎప్పుడో అయిపోయాయని ధీమాగా ఉంది. అలాంటిది బుధవారం పొద్దున, కాలేజీలో చరిత్ర చెప్పే ప్రొఫెసర్ విట్‌కూమ్ తన గదిలో కూర్చోబెట్టి కొత్తది ఒకటి వేశాడు. పాపం, అది జోకని ఆయనకే తెలియదు.

"నీ పరిశోధన వ్యాసానికి అంశం మార్చేద్దాం జోసీ. మన ఊరి మంచినీళ్ల సరఫరా మీద రాయి. పంపుహౌసు కాగితాలు యాభై పెట్టెలున్నాయి. ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు."

"నా ఇంటిపేరు చూసి చెప్తున్నారా సార్?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నవాడల్లా ఆగి, ఆలోచించి, చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఛ ఛ. పెట్టెల్ని చూసి చెప్తున్నా."

జోసీ ఒళ్లో గుడ్డసంచి ఉంది. అందులోంచి పెద్ద జామపండంత అలారం గడియారం తీసి బల్ల మీద పెట్టింది. నెత్తిన రెండు గంటలు, మధ్యలో చిన్న సుత్తి, మూడు కాళ్లలో ఒకటి వంకర. "ఇదుగోండి సార్ సాక్ష్యం. మా తాతమ్మది. ఆ రోజు మోగిన నలభైలో ఇదొకటి."

"గడియారం టైము చెప్తుంది జోసీ, చరిత్ర చెప్పదు. ఇది పాత సామాన్ల కొట్లో కొన్నది కాదని నాకెలా తెలుస్తుంది? ఆ రోజుల్లో ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి ఉండాలి. పత్రికో, ఉత్తరమో, ఏదో ఒకటి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి అంశాల జాబితా ఆఫీసుకి పంపాలి. ఆ లోపల ఒక్కటంటే ఒక్క ఆధారం పట్రా. లేదంటే నీళ్లు."

ఆయన చెడ్డవాడు కాదు. అదే జోసీకి కోపం. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు.

అసలు ఆ నలభై గడియారాల కథ జోసీది కాదు, ఫెర్నాండ్ ముసలమ్మది. ఆవిడ జోసీ తాతకు చెల్లెలు. ఎనభై ఎనిమిదేళ్లు, పెళ్లి చేసుకోలేదు, ఎవరి మాటా పడలేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, కెనడా ఫ్రెంచివాళ్లు కూలికొచ్చి స్థిరపడ్డ ఈ మిల్లుల ఊళ్లలో అత్తలందరినీ 'మటాంట్' అని పిలుస్తారు. ఫ్రెంచి మాటలు ఇళ్లలోంచి వెళ్లిపోయినా ఈ పిలుపు మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంది. మటాంట్ ఫెర్నాండ్ ప్రతి శనివారం బెల్లం పాకం వేసి ఉడికించిన చిక్కుడు గింజల కుండ బల్ల మీద పెట్టి, దానితోపాటు ఆ కథ కూడా వడ్డిస్తుంది.

ఏటి అవతల నూలు మిల్లులో గోడగడియారం ఒకటే. సాయంత్రం అయ్యేసరికి దాన్ని ఎవరో నెమ్మదిగా నడిచేలా చేసేవారు. రోజుకు పావుగంట ఆడవాళ్ల ఒంట్లోంచి ఉచితంగా వెళ్లిపోయేది. అడిగితే మేస్త్రీ గోడ వైపు వేలు చూపించేవాడు. ఒకరోజు ఫెర్నాండ్ తల్లి డెలిమా, మరికొందరు ఆడవాళ్లు ఇంట్లో మంచం పక్కనుండే అలారం గడియారాలు ఆప్రాన్ల కింద దాచి తీసుకెళ్లారు. అన్నిటికీ పని దిగే వేళ, ఆరు పెట్టారు. సరిగ్గా ఆరింటికి నలభై గడియారాలు ఒక్కసారి మోగాయి. ఆడవాళ్లు మరలు ఆపేసి బయటికి నడిచారు. మూడు రోజులు మిల్లు తిరగలేదు. నాలుగో రోజు గోడగడియారానికి బుద్ధొచ్చింది.

ఊళ్లో ఈ కథ నమ్మినవాడు లేడు. చర్చి హాల్లో శనివారం భోజనాల దగ్గర రీటా గాన్యోన్ అనే ఆవిడ ఎగతాళికి ముందుండేది. "నలభయ్యా? పోయిన వారం ముప్ఫై అయిదన్నావు ఫెర్నాండ్! వచ్చే వారానికి చర్చి గంట కూడా ఎత్తుకొస్తావా?" అందరూ నవ్వేవారు. ఫెర్నాండ్ ఒకటే చెప్పేది. "మా అమ్మకి సంతకం రాదు. నా ప్రోగ్రెస్ కార్డుల మీద ఇంటూ గుర్తు పెట్టేది. అలాగే అబద్ధమూ రాదు." ఈ ఏడాది ఇంకో మాట కూడా చేర్చింది. "నా మనవరాలు కాలేజీలో దీని మీదే రాస్తోంది. అచ్చయ్యాక మీ అందరికీ తలా ఒకటి పడేస్తా, చదువుకు చావండి."

అదీ సంగతి. జోసీ ఇప్పుడు మంచినీళ్ల సరఫరా మీద రాస్తే ఆవిడ చర్చి హాల్లో తలెత్తుకోలేదు. మిగిలిన రోజులన్నీ అబద్ధాలకోరుగానే బతకాలి.

లైబ్రరీ మెట్లెక్కి జోసీ నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత పత్రికలన్నీ బొమ్మలుగా ఎక్కించిన డేటాబేసు తెరిచి, తన ఇంటిపేరు కొట్టింది. పదకొండు వేల నాలుగు వందల ఫలితాలు వచ్చాయి. కుర్చీ ముందుకు లాక్కుంది. మొదటిది తెరిచింది. "భోజనానికి ముందు వేణ్నీళ్లు తాగండి, మలబద్ధకం పోతుంది." రెండోది: "మా ఊరి ఊట నీళ్లు తాగండి." మూడోది: "మద్యం మాని నీళ్లు తాగండి, పాస్టర్ గారి ఉద్బోధ." పదకొండు వేల మంది ఏకమై ఆమెను నీళ్లు తాగమంటున్నారు. డ్రింక్‌వాటర్ అనే మనిషి ఒక్కరూ లేరు.

తర్వాత బుద్ధిమంతురాలిలా పాఠంలో నేర్చుకున్న మాట కొట్టింది: 'మహిళా కార్మిక ప్రతిఘటన'. సున్నా వచ్చింది.

"ఏం వెతుకుతున్నావ్ అమ్మాయ్, అంత పళ్లు నూరుతూ?"

వెనక ఒడీల్ థిబోడో నిలబడి ఉంది. పుస్తకాలు వెతికిపెట్టే బల్ల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లుగా కూర్చుంటున్న మనిషి. కెనడా సరిహద్దు దగ్గర పుట్టి పెరిగింది కాబట్టి ఆమె నోట్లో ఫ్రెంచి ఇంకా బతికే ఉంది. 'నెట్‌లో లేదండీ' అన్న విద్యార్థిని ఆవిడ కళ్లతోనే కాల్చేస్తుందని కాలేజీలో ప్రతీతి. జోసీ ఆ మాట అనకుండా నాలుక కరుచుకుని కథంతా చెప్పింది.

ఒడీల్ తెర మీదికి వంగి చూసి పకపకా నవ్వింది. "మహిళా కార్మిక ప్రతిఘటనా? నూరేళ్ల కిందటి పేపరోడు అలా రాస్తాడా? వాడు 'మిల్లులో ఆడవాళ్ల గోల' అని రాస్తాడు. వాడి నోట్లో మాట నువ్వు కొట్టాలి గానీ, నీ నోట్లో మాట వాడికెలా తెలుస్తుంది?"

జోసీ 'గోల' కొట్టింది. బోలెడు గోలలు వచ్చాయి. కోళ్ల సంతలో గోల, పాఠశాల కమిటీలో గోల, ఒక పెళ్లిలో కేకు గురించి గోల. నూలు మిల్లులో మాత్రం శాంతి వర్ధిల్లుతోంది.

"వర్ధిల్లదూ మరి," అంది ఒడీల్. "ఈ ఇంగ్లీషు పత్రిక ఎవరిదనుకున్నావ్? మిల్లు యజమాని బావమరిదిది. ఏ ఏడో చెప్పు."

"మటాంట్ పుట్టకముందు అంటుంది. అంతే."

"దివ్యంగా ఉంది. మీ ముత్తాత ఎవరు? ఫ్రెంచాయనా?"

"కాదు, అసలు సిసలు ఇంగ్లీషాయన. ఆల్బర్ట్ డ్రింక్‌వాటర్. ఫ్రెంచి మిల్లు పిల్లని చేసుకున్నాడు. ఇంట్లో నోరు విప్పేవాడు కాదట. ఇంగ్లీషు వాళ్లు అంతే, గంభీరంగా ఉంటారు అంటుంది మటాంట్."

"ఊఁ," అంది ఒడీల్. ఆ ఊఁలో అప్పటికి అనుమానమేమీ లేదు.

జోసీ ఇంకొకటి అడిగింది. గడియారం ఏ ఏడాదిదో తేలితే పని సగం అయినట్టే కదా. "దీన్ని చేసిన కంపెనీ కేటలాగు ఏమైనా దొరుకుతుందా? బాయిలో కంపెనీ. వెనకాల రాసి ఉంటుంది. మా ఇంట్లో అందరం బాయిలో గడియారమనే అంటాం. గడియారాల కంపెనీల జాబితాలన్నీ జల్లెడ పట్టాను, ఎక్కడా లేదు."

ఒడీల్ ఫోను మోగుతుంటే తలూపి వెళ్లిపోయింది. పావుగంటలో దుమ్ము పట్టిన లావుపాటి కేటలాగు తెచ్చి జోసీ ముందు ధబ్బున వేసింది. అది బాయిలర్ల కంపెనీది. ఆవిరి బాయిలర్లు, నిలువువి, అడ్డంవి, బొమ్మలతో సహా ఉన్నాయి. బాయిలోను బాయిలర్ అని విన్నారని చెప్పడానికి మొహమాటపడి జోసీ ఇరవై పేజీలు తిరగేసింది.

ఆ మధ్యాహ్నం ఒడీల్ ఆమెను కింది అంతస్తుకు తీసుకెళ్లింది. అక్కడ గోడ పొడుగునా చిన్న చిన్న చెక్క సొరుగులు. 'చిన్న వార్తాహరుడు' అనే ఫ్రెంచి వారపత్రిక ఒకటి ఊళ్లో నలభై ఏళ్లు నడిచింది. ఏ డేటాబేసులోకీ ఎక్కలేదు, మైక్రోఫిల్మ్ చుట్టల్లోనే ఉంది. రిటైరైన ఒక క్రైస్తవ సన్యాసిని పన్నెండేళ్లు కూర్చుని అందులో వచ్చిన ప్రతి మనిషి పేరూ కార్డు మీద రాసి, ఇంటిపేరు వరసన సర్దిపెట్టి, ఆ పని అయిన నెలకే కన్నుమూసింది.

"అసలైన డేటాబేసు ఇదీ," అంది ఒడీల్ సొరుగు మీద తట్టి. "కరెంటు పోయినా నడుస్తుంది. డి సొరుగు తీయి."

జోసీ గంపెడాశతో డి సొరుగు తీసింది. దోస్తీ, దుబే, దుషేన్, అందరూ ఉన్నారు. డ్రింక్‌వాటర్ లేడు. పక్కవాళ్లలో ఇరుక్కుపోయాడేమోనని సి, ఇ సొరుగులు కూడా చూసింది. సాయంత్రం ఇంటికి నీరుగారిపోయి వెళ్లింది. ఆ ఇంటిపేరు వాళ్లకు ఆ మాట వాడకూడదు గానీ, వేరే మాట దొరకడం లేదు.

గురువారం పొద్దున మటాంట్ ఫెర్నాండ్ ఫోను చేసింది. "ఎంతవరకూ వచ్చింది నా పుస్తకం? రీటాకి శనివారమే చెప్పేస్తున్నా, చివర్లో దాని పేరు కూడా వేయించు. నమ్మనివాళ్లు అని హెడ్డింగు పెట్టి."

"వస్తోంది మటాంట్..."

"ఏంటా నీళ్లు నమలడం?"

"వస్తోందన్నా కదా!"

ఫోను పెట్టేశాక జోసీ లైబ్రరీ మొదటి అంతస్తులో, నిశ్శబ్దంగా చదువుకోవాల్సిన పెద్ద హాల్లో ఒక మూల కూర్చుంది. ఎదురుగా ఖాళీ కాగితం. దాని మీద 'మంచినీళ్ల సరఫరా: తొలి రోజులు' అని రాసింది. నలభై గడియారాలకు నీళ్లు వదిలేసినట్టే. హాల్లో ముప్ఫై మంది తలలు వంచుకుని చదువుతున్నారు. పరీక్షల ముందు రోజులు కాబట్టి ఎవరైనా దగ్గినా చంపేసేలా ఉన్నారు.

అప్పుడు మోగింది సంచి.

ఆ గడియారానికి ముందునుంచీ అదే జబ్బు. దాని ఇష్టమొచ్చినప్పుడు మోగుతుంది. మామూలు మోత కాదు, మంచం మీది మనిషిని కింద పడేసే మోత. జోసీ సంచిలో చెయ్యి పెడితే పుస్తకాలు అడ్డం, స్వెట్టరు అడ్డం. ముప్ఫై తలలూ లేచాయి. ఒకడు చెవులు మూసుకున్నాడు. ఎవరో "బాంబా?" అన్నారు. బల్ల దగ్గరినుంచి ఒడీల్ పరుగున వచ్చి, సంచి లాక్కుని, గడియారం బయటికి లాగి, గంటల మధ్య తన బొటనవేలు దూర్చింది. సుత్తి వేలి గోరు మీద కొట్టుకుని ఆగిపోయింది.

"నీ దుంపతెగ! నా లైబ్రరీలో..." అంటూ ఒడీల్ గడియారాన్ని వెనక్కి తిప్పింది, మీట ఎక్కడుందోనని. తిప్పినదల్లా అలాగే నిలబడిపోయింది.

"జోసీ. ఇదేనా నీ బాయిలో?"

"అదే. కంపెనీ పేరు."

"కంపెనీ వాడు అక్షరాలు ఇంత వంకరగా గీస్తాడా? ఇది మేకుతో గీసింది. చదువు. ఒక్కో అక్షరం చదువు."

"బి, ఓ, ఐ, ఎల్, ఇ, ఎ, యు. బాయిలో."

ఒడీల్ పక్కనున్న కుర్చీలో కూలబడింది. ముందు భుజాలు ఊగాయి, తర్వాత కళ్లలోంచి నీళ్లొచ్చాయి. నిశ్శబ్దపు హాల్లో ముప్ఫై ఒక్క ఏళ్లుగా అందరి నోళ్లూ మూయించిన మనిషి, నోటికి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక అవస్థ పడింది.

"బాయిలో కాదే మొద్దూ. బ్వాలో! బ్వా అంటే తాగు. లో అంటే నీళ్లు. నీళ్లు తాగు! మీ ఇంటిపేరే మీ ఇంటి గడియారం మీద రాసి ఉంటే, నూరేళ్లుగా అది కంపెనీ పేరనుకుంటున్నారా మీరంతా? నీ ఇంగ్లీషు ముత్తాత మా వాడే! నోరు విప్పితే యాస బయటపడుతుందని గంభీరంగా ఉండేవాడు, అదీ సంగతి. నాకూ బుద్ధి లేదు, నిన్ననగా అనుమానించాల్సింది. బాయిలర్ల కేటలాగు తెచ్చిచ్చాను, సిగ్గులేకుండా!"

జోసీ గడియారం చేతిలోకి లాక్కుని లేచింది. ఇద్దరూ కింది అంతస్తు మెట్లు రెండేసి చొప్పున దిగారు. ఒడీల్ వయసుకి అది చేయకూడని పని. బి సొరుగు. బిలోడో, బ్లే, తర్వాత బ్వాలో. పసుపు రంగుకు తిరిగిన కార్డు మీద ఆ సన్యాసిని చేతిరాత, చిన్నగా, ముత్యాల్లా: 'బ్వాలో, శ్రీమతి అడెలార్. గడియారాలు. 1921 మార్చి 11.' ఆ రోజుల్లో పెళ్లైన ఆడదానికి పత్రికల్లో సొంత పేరు ఉండేది కాదు, మొగుడి పేరే. డెలిమా అని వెతికినా దొరికేది కాదు.

మైక్రోఫిల్మ్ యంత్రం ఆ లైబ్రరీలో ఒకటే మిగిలింది. తిప్పితే తిరగదు, తిరిగితే ఆగదు. మార్చి రెండుసార్లు దాటిపోయి మేలో పెళ్లిళ్ల దగ్గర ఆగింది. మూడోసారి మూడో పేజీ దిగువన దొరికింది. ఒడీల్ తెరకు ముక్కు ఆనించి, ఫ్రెంచి చూస్తూ జోసీ భాషలో చదివింది.

"సోమవారం సాయంత్రం ఆరు గంటలకు రెండో నంబరు మిల్లు నూలు గదిలో పద్నాలుగు అలారం గడియారాలు ఒక్కసారిగా మోగాయి..."

"ఎన్ని?"

"పద్నాలుగు."

"నలభై కాదా?"

"పద్నాలుగు అని ఉంది తల్లీ, నేనేం చేయను. విను. '...గోడగడియారంలో ఇంకా ఆరు కాలేదని మేస్త్రీ కేకలు వేయగా, మాకైంది అని ఆడవారు మరలు ఆపి వెళ్లిపోయారు. మేస్త్రీ గడియారాలను నూలు బుట్టలో వేసుకుని పట్టుకుపోయాడు. గురువారం గోడగడియారం సరిచేసి, వీరి గడియారాలు వీరికి తిరిగి ఇచ్చారు. ఏది ఎవరిదన్న తగువు రాలేదు. ఇలా జరుగుతుందని ఊహించి, ముందునాడే శ్రీమతి అడెలార్ బ్వాలో వంటింట్లో అందరూ కూర్చుని ఎవరి గడియారం వెనక వారు మేకుతో పేరు గీసుకున్నారు. రాయడం రానివారికి సుద్దముక్కతో అక్షరాలు వేసి ఇవ్వగా వాటి మీదుగా గీసుకున్నారు. శ్రీమతి బ్వాలో వారిలో ఒకరు. ఇప్పుడు నా పేరు నేను రాయగలను అని ఆమె మా విలేఖరితో అన్నారు.'"

ఒడీల్ చదవడం ఆపింది. జోసీ గడియారం వెనక్కి తిప్పి ఆ ఏడు అక్షరాలనీ చూసింది. రోజూ చూసేవే. చివరి యు దగ్గర మేకు జారి పక్కకు పోయింది. అది తయారీలో వచ్చిన గీత అనుకునేది చిన్నప్పుడు.

"ఏడవకు, ఫిల్మ్ పాడవుతుంది," అంది ఒడీల్, తన ముక్కు తుడుచుకుంటూ. "ఇంకా పని ఉంది. బ్వాలోలు డ్రింక్‌వాటర్లు ఎప్పుడయ్యారు? అది కాగితం మీద లేకపోతే విట్‌కూమ్ ఊరుకోడు."

ఆ పని మాత్రం డేటాబేసు మంచినీళ్లప్రాయంగా చేసిపెట్టింది. పౌరసత్వ దరఖాస్తుల్లో కొత్త పేరు కాకుండా పాత పేరు కొట్టేసరికి పది నిమిషాల్లో వచ్చింది. అడెలార్ బ్వాలో, కూలీ, భార్య డెలిమా. 1921 అక్టోబరు. అడుగున కోర్టు గుమాస్తా రాసిన వాక్యం: ఇకనుంచి దరఖాస్తుదారు ఆల్బర్ట్ డ్రింక్‌వాటర్ అని పిలవబడును.

"గడియారాలు మార్చిలో మోగాయి, పేరు అక్టోబరులో మారింది," అంది జోసీ నెమ్మదిగా. "నూలు మిల్లు వాళ్లు పగబట్టి ఉంటారు. బ్వాలో అన్న పేరుకి పని ఇచ్చి ఉండరు. వంతెన దాటి ఇటువైపు కాగితం మిల్లుకొచ్చి..."

"ఉంటారు, ఉండరు అన్నవి నీ ఊహలు. అలాగే రాయి, ఊహ అని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టు. చదివేవాడికి కళ్లుంటాయి."

శుక్రవారం పన్నెండింటికి ఇంకా పదిహేను నిమిషాలుండగా జోసీ ప్రొఫెసర్ గది తలుపు తట్టింది. ఆయన కాగితాలు రెండుసార్లు చదివాడు. తర్వాత చెయ్యి చాపాడు. జోసీ గడియారం ఇచ్చింది. వెనక అక్షరాల మీద ఆయన బొటనవేలు మెల్లగా నడిచింది.

"గడియారం చరిత్ర చెప్పదన్నాను కదూ."

"అన్నారు సార్."

"పొరబాటుగా అన్నాను. దాన్ని చదవగలిగే కాగితం పక్కన ఉంటే చెప్తుంది. ఇది నీ రెండో ఆధారం, ఫొటో తీసి పెట్టు." జాబితాలో మంచినీళ్లు కొట్టేసి గడియారాలు రాశాడు. "ఒక్కటే. నీ శీర్షికలో నలభై అని ఉంది. పద్నాలుగు చేయాలి."

"చేస్తాను సార్. చేయడానికి భయం లేదు. చెప్పడానికే."

శనివారం చిక్కుడు గింజల కుండ బల్ల మీదికి రాకముందే జోసీ చెప్పేసింది. మటాంట్ ఫెర్నాండ్ గరిటె పట్టుకునే లేచి నిలబడింది.

"పద్నాలుగా! ఆ పేపరోడికి లెక్కలు రావు!"

"మటాంట్, ఫోర్టీన్‌కీ ఫోర్టీకీ ఎంత తేడా? తోక తేడా. తాతమ్మ ఫ్రెంచి నోటితో ఫోర్టీన్ అంటే తోక మింగేసి ఉంటుంది. నువ్వు ఫోర్టీ అని విన్నావు."

"మా అమ్మ ఏదీ మింగదు!" అని, ముసలమ్మ కాసేపు గొణిగి, కుర్చీలో కూర్చుంది. "పద్నాలుగు. రీటా పండగ చేసుకుంటుంది."

"రీటాకి పేపరు చూపించు. జరిగింది నిజం అని అచ్చులో ఉంది. నీకు ఇంకా చెప్పాల్సింది ఉంది." జోసీ గడియారం తీసి వెనకవైపు పైకి వచ్చేలా ఆవిడ ముందు పెట్టింది. బ్వాలో గురించి చెప్పింది. అడెలార్ గురించి చెప్పింది. అసలు సిసలు ఇంగ్లీషు తండ్రి చేజారిపోయినందుకు ఫెర్నాండ్ ముఖం మాడ్చుకుంది. "అందుకా శుక్రవారం పూట ఫ్రెంచివాళ్ల బఠానీల సూపు కోసం ప్రాణం పెట్టేవాడు!" తర్వాత వంటింట్లో వేసుకున్న సుద్ద అక్షరాల దగ్గరకు వచ్చేసరికి ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"ఇది మా అమ్మ రాసిందా?"

"తాతమ్మే. మేకుతో."

"నా డ్రస్సింగు టేబులు మీదే ఉండేది ఇది. ఎనభై ఏళ్లు దుమ్ము తుడిచాను." ఆవిడ వేలు బి దగ్గర మొదలుపెట్టి గాడి వెంబడి పోయింది. ఎ దగ్గర ఆగింది. "మరి నా కార్డుల మీద ఇంటూ ఎందుకు పెట్టేది? ఈ పేరు వచ్చుగా?"

జోసీ గడియారం ఆవిడ దగ్గరికి జరిపింది. ముసలమ్మ తనంతట తానే తలూపింది.

"ఆవిడకి వచ్చింది ఈ ఒక్క పేరే. అది కాస్తా తీసేశారు. డ్రింక్‌వాటర్ రాయడం ఎవరు నేర్పారు ఆవిడకి? నేనూ నేర్పలేదు. బళ్లో నవ్వుతారని ఆ కార్డు మడిచి పట్టుకెళ్లేదాన్ని." కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఏమన్నావ్ ఆ పేరు? ఇంకోసారి అను."

"బ్వాలో."

"బాయ్... బ్వా... బ్వాలో." మూడుసార్లు అంది. మూడోసారి బాగానే వచ్చింది.

గోడమీది ఫోను మోగింది. శనివారం ఈ వేళకు మోగిందంటే రీటా గాన్యోనే, చర్చి భోజనాలకు కుండ ఎన్నింటికి తెస్తావని అడగడానికి. ఫెర్నాండ్ గొంతు సవరించుకుని, రిసీవరు అందుకుంది.

"హలో. బ్వాలో వాళ్ల ఇల్లు."

అవతల రాంగ్ నంబరు, క్షమించండి అని రీటా ఫోను పెట్టేసింది. ఫెర్నాండ్ రిసీవరు చేత్తో అలాగే పట్టుకుని, మళ్లీ చేస్తుందిలే, నువ్వు తిను అంది.